ఫైళ్ల కొండల దేవరకు దండం

దండమయ్యా ఎఫ్‌ఎస్‌ఎన్ దేవరా! కంప్యూటర్లో ఫైళ్లన్నీ ఒట్టి పేర్ల జాబితాగా బోసిగా పడి ఉండటం చూడలేక, 1990ల మొదట్లో సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఖరీదైన యంత్రాల్లో ఫైళ్లు చూపే ప్రోగ్రాముగా అవతరించావు. ఫోల్డరుకొక అరుగు కట్టావు. అరుగు మీద ఫైలుకొక దిమ్మె నిలిపావు. ఫైలు ఎంత లావైతే దిమ్మె అంత ఎత్తు. ఎంత పాతదో రంగు చెబుతుంది. అరుగు నుంచి అరుగుకు గీతలు గీసి, వాటి మీదుగా గాల్లో ఎగిరిపోయే వరమిచ్చావు. ఫైలు కోసం వచ్చినవాళ్లం, వరం వద్దనలేకపోయాం. ఎంచుకున్న దిమ్మె మీద పైనుంచి లైటు కూడా వేశావు. అందులో ఏముందో మాత్రం ఆ వెలుగులోనూ చెప్పవు. గుట్టు దాచే పెద్దమనిషివి.

చెట్టూ చేమా కూడా ఎదగడానికి జంకే మెట్టనేల మాది. ఎత్తంటే గుత్తి కోట, పెనుకొండ కొండ, అంతే. అలాంటిచోట హార్డ్ డిస్కులోనే కొండలు మొలిపించే నీ మహిమ తెలియాలంటే, అనంతపురంలో కలెక్టరాఫీసు దగ్గరి ఏదో ఒక జిరాక్స్ అంగట్లో నిన్ను ప్రతిష్ఠించాలి.

శింగనమల నుంచి ఒక రైతు వస్తాడు. "అన్నా, మా నాయన పేరు మీదుండే పొలం 1బీ కాగితం తీసియ్యన్నా. శెనక్కాయ లోనుకు బ్యాంకులో అడుగుతాండారు" అంటాడు. పేరులో నాలుగక్షరాలు కొడితే వచ్చే కాగితమే. అంత తేలిగ్గా దొరికితే దానికి మర్యాదేముంటుంది? నీ కృపతో అంగడాయన ముందు గాల్లోకి లేవాలి. ఎదురుగా బావమరిది పెళ్లి వీడియో నాలుగు జీబీలతో నిలబడి ఉంటుంది. దాని పక్కన పోయిన సంక్రాంతి సినిమా. ఆ రెండింటి వెనక, నేలకు అంటుకుపోయి, ఎనభై కేబీల 1బీ. లెక్కకు లెక్క తీస్తే, పెళ్లి దిమ్మె యాభై మీటర్లుంటే కాగితం దిమ్మె ఒక్క మిల్లీమీటరు. అప్పు పుట్టించే కాగితానికి మిల్లీమీటరు, అప్పు చేసి చేసిన పెళ్లికి యాభై మీటర్లు! లోకం తీరు నీకు తెలిసినంతగా ఏ ప్రోగ్రాముకూ తెలియదు. రైతు బస్సు పోతే పోయింది.

నీ తీరుబడికి సాక్ష్యం 1993లోనే వచ్చింది. 'జురాసిక్ పార్క్'లో తలుపు అవతల రాప్టర్ తోస్తోంది, ఇవతల ఇద్దరు పెద్దవాళ్లు భుజాలొడ్డి ఆపుతున్నారు. లెక్స్ అనే పిల్ల నీ దిమ్మెల మీదుగా విహరిస్తూ తలుపు తాళం సంగతి వెతుకుతోంది. చూసినవాళ్లలో చాలామంది నిన్ను సినిమా కోసం గీసిన బొమ్మ అనుకున్నారు. నిజంగా ఉండి కూడా లేనట్టు అనిపించుకోవడం అందరికీ చేతనవుతుందా!

ఈ వైభవం తెలియని పెద్దమనిషి ఒకరున్నారు, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్మన్. 1990లో వాళ్ల ప్రయోగశాలలో పద్నాలుగు మంది పంచుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయింది. ఎవరి ఫైలు ఎంత చోటు తింటోందో చూడాలని, పొలాన్ని మడులు చేసినట్టు తెరను గళ్లుగా కోశారు. దాని పేరు ట్రీమ్యాప్. అందులో ఎగరడం లేదు, ఒకదాని వెనక ఒకటి దాక్కునే సౌకర్యం లేదు. అన్నీ ఒక్క చూపులో కనబడిపోతాయి. ఇక వెతుకులాటలో రసమెక్కడిది?

నిన్ను మరవలేని భక్తుడొకరు 1999లో లినక్సు మీద ఎఫ్‌ఎస్‌వీ పేరుతో నీ రూపాన్ని మళ్లీ కట్టారు. నిన్ను కన్న సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసి ఆస్తులు అమ్ముకుంది. అది నీ చలవేనని నేననను.

డిస్కు నిండిన రోజు లావు ఫైలును నువ్వూ పట్టిస్తావు, కాదనను. కానీ ఆ రోజు జనం తెరిచేది విన్‌డిర్‌స్టాట్ లాంటి ప్రోగ్రాములనే. వాటిలో ఉండేవి ష్నైడర్మన్ గళ్లే. నువ్వు సినిమాలో చల్లగా ఉండు దేవరా, మా అంగళ్ల వైపు రావద్దు.