అవసరమేనని ఒప్పుకున్నారహో!

మన వైమానిక దళానికి యుద్ధ విమానం కావాలంటే ముందు అది అవసరమేనని ఢిల్లీలో ఒప్పుకోవాలి. వెటకారం కాదు, ఆ మెట్టు పేరే అది: యాక్సెప్టెన్స్ ఆఫ్ నెసెసిటీ. ఆకలేస్తోంది మొర్రో అన్నవాడికి ముందుగా ఆకలి ధ్రువపత్రం ఇస్తారన్నమాట. ఆ తర్వాత టెండరు, పరీక్షలు, బేరం, కేబినెట్ ఆమోదం. బియ్యం ఇంకా కొట్లోనే ఉంటాయి.

మన టీవీల్లో మాత్రం ధ్రువపత్రం వచ్చిన సాయంత్రమే విస్తళ్ళు పడిపోతాయి. గ్రాఫిక్ విమానాలు స్టూడియో అంతా గింగిరాలు కొడతాయి. యాంకర్ గొంతు ధ్వని వేగాన్ని దాటేస్తుంది. కింద ‘శత్రువుకు చుక్కలే’ అని స్క్రోలింగ్. కొనుగోలు ఒకటే, పండగ మాత్రం మెట్టుకొకటి.

126 విమానాల ముచ్చటే చూడండి. 2007లో టెండరు పిలిచారు, పండగ. 2012లో ఫ్రాన్స్ వాళ్ళ రఫేల్ గెలిచింది, పెద్ద పండగ. 2015లో ఆ బేరం అటకెక్కి, 36 కొందామన్నారు. తగ్గిన తొంభై మాట పక్కనబెట్టి అప్పుడూ పండగే. 2018లో మళ్ళీ 110 కావాలంటూ కంపెనీలకు ప్రశ్నల చిట్టా పంపారు. పదకొండేళ్ళు తిరిగి తిరిగి, బయల్దేరిన గుమ్మం దగ్గరికే వచ్చామని ఎవరైనా అంటే దేశభక్తి తక్కువైందంటారు.

స్వదేశీ యుద్ధ విమానం తేజస్‌కు 1983లో మంజూరు. తొలిసారి ఎగిరింది 2001లో, మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. 1998 అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు దెబ్బకొట్టాయి, కాదనను. విమానమూ మంచిదే. నా పేచీ తేదీలతో. 83 తేజస్ మార్క్-1ఏలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం రాసుకున్నారు. 2024 మార్చికల్లా మొదటిది చేతికి రావాలి. రాలేదు. అమెరికా నుంచి ఇంజన్లు అందలేదన్నారు.

2025 ఫిబ్రవరి, బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన. వాయుసేనాధిపతి ఎ.పి.సింగ్ ఒక శిక్షణ విమానం కాక్‌పిట్‌లో కూర్చుని, పక్కనున్న, తేజస్ తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్ళతో కెమెరా సాక్షిగా అనేశారు: ఈ నెలకు పదకొండు మార్క్-1ఏలు సిద్ధంగా ఉంటాయన్నారు, ఒక్కటీ లేదు, మీ మీద నమ్మకం పోయిందని. ఇంతకీ ఆయన కూర్చున్న విమానం హెచ్‌జేటీ-36. అది తొలిసారి ఎగిరింది 2003లో. ఇరవై రెండేళ్ళయినా దళంలో చేరలేదు గానీ, ఆ ప్రదర్శనలోనే దానికి నామకరణం జరిగింది. ‘సితార’ తీసేసి ‘యశస్’ అన్నారు. వరసగా సినిమాలు పోతే హీరోగారు పేరులో ఓ అక్షరం పెంచుకుంటారే, అలాగ.

అదే ఏడాది సెప్టెంబర్ 25న మరో 97 మార్క్-1ఏలకు సంతకాలయ్యాయి, 62 వేల కోట్లు దాటిన ఒప్పందం. మళ్ళీ స్క్రోలింగ్, మళ్ళీ చుక్కలు. ఆ 97 రాసుకునే రోజుకి పాత 83లో దళం చేతికి అందినవి సున్నా.

మర్నాడు చండీగఢ్‌లో, 1963లో చేరిన మిగ్-21కి వీడ్కోలు. ఆరు మిగ్‌లు దిగుతుంటే నీళ్ళు చిమ్మి వందనం చేశారు, విమానం పుట్టుపూర్వోత్తరాలు రాసే ‘ఫారం 700’ పుస్తకాన్ని అప్పగించారు. ఈ ఒక్క పండక్కి వంక పెట్టను. అరవై రెండేళ్ళు మోసింది, ఎందరో కుర్ర పైలట్లను మింగింది కూడా. దాని బదులు రావలసినవి వేళకు రాకపోబట్టే కదా, ముసలితనంలోనూ దాని చేత అంత చాకిరీ చేయించాం!

ఆ సాయంత్రానికి మిగిలినవి 29 యుద్ధ విమాన స్క్వాడ్రన్లు. ఉండాల్సినవి 42. కాబట్టి ఈసారి టీవీలో చుక్కలు కనబడితే చప్పట్లు కొట్టేముందు ఒక్క మాట అడగండి: వచ్చిందా, ఒప్పుకున్నారా?