సెల్లుల్లేని బీపీ మిషను

మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. మా ఆవిడ పొద్దున్నే బడికెళ్లి పాఠాలు చెప్పాలి. రిటైరైనవాణ్ణి గనక డ్యూటీ నాది. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలపెట్టాలి. పన్నెండుకీ, రెండుకీ, నాలుక్కీ అలారం. ఓ రాత్రి అలారం మోగగానే లేచి, మా ఆవిణ్ణి జాగ్రత్తగా అటు తిప్పి వీపు వెనక దిండు పెట్టాను. "అత్తయ్య పక్కగదిలో ఉందండీ" అంది, కళ్లు తెరవకుండానే.

చూడ్డానికొచ్చినవాళ్లంతా గుమ్మం దిగుతూ ఒకటే మాట: "నీ ఆరోగ్యం కూడా చూసుకో నాయనా." వాళ్లలో నాచేత కాఫీ పెట్టించుకోనివాళ్లు ఒక్కరూ లేరు. మా పిన్నైతే డికాక్షన్ పలచనైందని కూడా చెప్పి వెళ్లింది. మనసు బాగోకపోతే ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చని టెలీ మానస్ నంబరు 14416 ఫ్రిజ్ మీద అంటించాను. పక్కనే గ్యాసు నంబరు. ఇంతవరకూ చేసింది గ్యాసుకే.

బుధవారం బుధవారం అమ్మకు బీపీ చూస్తాను. ఓ బుధవారం ఆ పట్టీ నా జబ్బకూ చుట్టాను. అమ్మది 128/80, నాది 158/96. మంచం మీద ఉండాల్సిందెవరో మిషను తేల్చేసింది.

"వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసి రాసుకురండి" అన్నాడు డాక్టరు. "వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, అంకె పెరుగుతుంది."

ఊరికే కూర్చోవాలట! మాట్లాడకూడదట! ఇంత మంచి మందు నాకెవరూ రాయలేదు.

అప్పట్నుంచి దొంగ బతుకు మొదలైంది. కుక్కరు కూసినా, గేటు చప్పుడైనా, పిన్ని ఫోన్ చేసినా పట్టీ చుట్టుకుని వరండాలో కుర్చీ ఎక్కేవాణ్ణి. ఎవరైనా నోరు తెరిస్తే పెదవి మీద వేలు. రోజుకు రెండుసార్లు కాస్తా ఏడయ్యాయి, అయిదు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఓసారి కొలుస్తూ కొలుస్తూ గురక కూడా పెట్టానట. నోట్‌బుక్కులో మాత్రం అంకెలు ముత్యాల్లా ఉన్నాయి: 132/84, 130/82.

మొన్న ఆదివారం మా ఆవిడ ఎదురుగా నిలబడింది. నేను వేలు చూపించాను. కదల్లేదు. మిషను తిరగేసి మూత తీసింది. లోపల ఖాళీ.

"గురువారమే సెల్లులు తీసి గడియారానికీ టార్చికీ వేశాను. మరి ఈ 132/84 ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

పట్టీ జబ్బకే ఉంది. ఏం చెప్పాలో తోచలేదు. ఈలోగా పక్కగదిలోంచి అమ్మ, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అంది:

"వాణ్ణి... మాట్లాడించకే. అంకె... పెరుగుద్ది."