పోస్టు రసీదు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

పంపినట్టు చీటి పదిలపఱచుకొమ్ము
అందలేద టన్న నదియె నీకు
దిక్కు, రంగు వెలిసి తెల్లన యగునేని
తప్పు నాదె యనుము ధర్మ మదియె

అవతారిక. ఇత్తడి కాఫీ ఫిల్టరొకటి ఆన్‌లైన్‌లో అమ్మి, పోస్టులో పంపి, నెల తిరిగాక "పంపినట్టు రుజువు జతపరచగలరు" అన్న సందేశం అందుకొన్న విక్రేతకు ఒక గురువు చేసిన ఉపదేశమిది. కవి అజ్ఞాతుడు. మొదటి పాదం చివర సంధి చేయక వదిలేశాడు గనుక కౌంటరు ముందు వరుసలో నిలబడి చెప్పి ఉంటాడని మా ఊహ.

ప్రతిపదార్థము. సులభం. విడిచితిమి.

వ్యాఖ్య. మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మెతుకుసీమ పండితుడు కొలచాల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకొన్నాడు. మేమలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు.

"చీటి" యనగా ఏ చీటి? పూర్వులకు సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అని ఒకటుండేది. చిరునామా ఒక కాగితం మీద రాసి, స్వల్ప రుసుముకు బిళ్ళ అంటించి ఇస్తే, గుమాస్తా దానిమీద తేదీ ముద్ర కొట్టి తిరిగి చేతిలో పెట్టేవాడు. ఉత్తరం మామూలు ఉత్తరంలాగే వెళ్ళేది. చేరిందని ఆ ముద్ర ఎన్నడూ చెప్పలేదు, ఇచ్చాడని మాత్రమే చెప్పింది. అలాంటి ముద్రలు ఎప్పుడు కావాలంటే అప్పుడు సంపాదించవచ్చునని 1994లో సుప్రీంకోర్టే పెదవి విరిచింది. 2011లో తపాలా శాఖ ఆ చీటీని ఎత్తేసింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో లీనమైంది. కాబట్టి ఇక్కడ చీటి యనగా స్పీడ్ పోస్టు రసీదే అని గ్రహించాలి.

ఆ రసీదులో అసలు కావ్యం దానిమీది సంఖ్య. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర దేశాన్ని చెప్పే ఐ, ఎన్. మొత్తం పదమూడు. స్పీడ్ పోస్టయితే 'ఇ'తో ఎత్తుగడ. లక్షణకర్త యూనివర్సల్ పోస్టల్ యూనియన్, 1874లో బెర్న్‌లో పుట్టిన సంస్థ. లక్షణగ్రంథం పేరు ఎస్10. ఇందులో తొమ్మిదో అంకె యతిస్థానమని మా సిద్ధాంతం. అది స్వేచ్ఛగా పడేది కాదు. ముందున్న ఎనిమిది అంకెలనూ వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే వచ్చేదే అక్కడ నిలవాలి. ఉదాహరణకు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా రాయండి. మొత్తం 204, శేషం 6. 11లోంచి 6 పోతే 5. కాబట్టి 12345678 తర్వాత 5 పడితేనే యతి చెల్లింది. శేషం 1 వస్తే 0 వేయాలి, ఏమీ మిగలకపోతే 5 వేయాలి. ఇవి అఖండయతి వంటి సడలింపులు, ఛాందసులు ఒప్పుకోకపోవచ్చు. గుణకాలలో 1 ఎందుకు లేదు? దేనిని 1తో గుణించినా మారదు గనుక, మారనిది అలంకారం కాదు గనుక అని చెప్పుకోవచ్చు. 8, 6, 4, 2 అని చక్కగా మెట్లు దిగినవాడు 3 దగ్గర ఎందుకు మళ్ళీ ఎక్కాడు? గోమూత్రికాబంధమేమోనని గీసి చూశాం. కాదు.

ప్రకృతానికి వద్దాం. ఫిల్టరు.

"అందలేద టన్న". కొన్నవాడు మీమాంసకుడు, భాట్టమతస్థుడు. వస్తువు కనబడకపోవడమే అది లేదనడానికి ప్రమాణమంటాడు; దాన్నే అనుపలబ్ధి అన్నారు. అమ్మినవాడు అర్థాపత్తితో ఎదుర్కొంటాడు. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడన్నట్టు, రసీదులో బరువు 640 గ్రాములుంది, ఖాళీ అట్టపెట్టె అంత తూగదు, కనుక లోపల ఫిల్టరుంది. దానికి ఆ ఆన్‌లైన్ అంగడి ఇచ్చిన జవాబు: "మీ రసీదులో వస్తువు పేరు లేదు." ఉండదయ్యా! కౌంటరులో బరువు తూస్తారు, పిన్‌కోడ్ కొడతారు, పెట్టె విప్పి ఫిల్టరును పేరుపెట్టి పిలవరు. ఈ సంగతి ఆ జవాబు రాసిన నాయనకు తెలియదా? తెలుసు. అయినా అడిగాడు. అడిగితే సగం మంది ఊరుకుంటారు.

"అదియె నీకు దిక్కు". ఇక్కడ కవి చట్టం చదవలేదు. కొన్నవాడికి పంపించమని అమ్మినవాడికి ఒప్పందంలో అధికారముంటే, రవాణాదారుకు సరుకు అప్పగించడమే ప్రథమదృష్టిలో కొన్నవాడికి అప్పగించినట్టని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షను చెబుతోంది. ఒప్పందంలో వేరేగా రాసుకోవచ్చునని కూడా అదే చట్టం సందిచ్చింది. ఆ సందులోంచే అంగడివారి నిబంధనలు లోపలికొచ్చాయి. "అంగీకరిస్తున్నాను" గడిలో టిక్కు పెట్టనిదే అమ్మనివ్వరు గనుక అందరం పెట్టాం.

"రంగు వెలిసి". ఇది ఉత్ప్రేక్ష కాదు, స్వభావోక్తి. ఈ రసీదు సిరాతో అచ్చయినది కాదు, వేడికి నల్లబడే పూతమీద వేడితో పడిన గుర్తు. ఎండకు వెలుస్తుంది, ఉక్కకు వెలుస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెడితే అందులోని రసాయనాలకు మరింత త్వరగా వెలుస్తుంది. అంటే మొదటి పాదంలో "పదిలపఱచుకొమ్ము" అన్న మాటను శ్రద్ధగా పాటించినవాడి చీటీయే మూడో పాదానికి ముందు చేరుతుంది. పోస్టు చేసిన రోజే ఫోనుతో ఫొటో తీయాలని వృత్తికారులు. అలాగే తీసి పంపాం. "ఫొటో స్పష్టంగా లేదు, అసలు జతపరచండి" అన్నారు. అసలు తెల్లగా ఉంది.

పాఠాంతరము. నాలుగో పాదంలో "అనుము" బదులు "అనను" అని కొన్ని ప్రతులలో కనబడుతోంది: తప్పు నాదె యనను, ధర్మ మదియె. గణం చెడదు, యతి చెడదు. మేమీ పాఠాన్నే పరిష్కరించి ఫిర్యాదు గడిలో అతికించాం. చెల్లని అక్షరాలున్నాయంటూ గడి ఎర్రబడింది.