ఇంటి పన్ను కట్టకుండా మార్చి దాటించండి

గుడ్లవల్లేరు నుంచి బందరు దాకా నా చుట్టాలందరికీ నేర్పిన విద్య ఇది. మా ఇంట్లో పదేళ్ళుగా పైసా కట్టలేదు. మీరూ నేర్చుకోండి, కష్టమేమీ లేదు.

1. డాబాను పాకగానే ఉంచండి. ఇంటి విలువను బట్టే పన్ను వేస్తారు కాబట్టి, తాటాకు పాక పీకి స్లాబు వేశాక ఆ సంగతి పంచాయతీలో చెప్పకండి. దస్త్రంలో పాక ఉంటుంది, మీరు మేడ మీద పడుకుంటారు. టేపు పట్టుకుని కొలతలకు వస్తే మేడ మీది గదిని ధాన్యం గది అనండి. రెండు బస్తాలు, ఒక గోనెపట్టా ముందే పడేసి ఉంచండి. ఏసీ మీద దుప్పటి కప్పండి. మా మేనల్లుడు ఇదొక్కటి మరిచిపోయి పని పాడుచేశాడు. రేపు ఇల్లు తాకట్టు పెట్టబోతే బ్యాంకువాళ్ళు దస్త్రం చూసి, పాక మీద అప్పు పుట్టదంటారు. అననివ్వండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆసామి ఊళ్ళోనే ఉంటాడు, దస్త్రాలడగడు.

2. మార్చి నెలలో వీధి తలుపు తీయకండి. బిల్ కలెక్టరు పిలిస్తే "నాన్న ఊళ్ళో లేరండీ" అని పిల్ల చేత చెప్పించండి. ఐదో ఏటికల్లా ఈ మాట తడబడకుండా రావాలి, రోజూ అప్పచెప్పించుకోండి.

3. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా పడుతుంది. అదీ మిగిలింది. పేపరు మాత్రం లైబ్రరీలోనే చదవండి.

4. పొలం ఉంటే నీటి తీరువా కూడా ఆపండి. వరి మొదటి పంటకు ఎకరానికి 200 రూపాయలు, రెండో పంటకు 150, చేపల చెరువుకు 500. ఇవి 1996లో పెట్టిన రేట్లు. ఒక్క బస్తా అమ్మితే ఏడెకరాలకు సరిపోతుంది. అయినా ఇవ్వకండి, అలవాటు చెడిపోతుంది. చెరువు తవ్వి లెక్కల్లో వరి అనే రాయించండి, ఎకరానికి 300 లాభం. గట్టు గట్టూ తెలిసిన కరణాలను 1984లోనే ఎన్టీఆర్ తీసేశారు, భయం లేదు. ఆ తీరువాలో కొంత నీటి సంఘాలకు, కాలువల బాగుకు వెళ్ళేది. వెళ్ళకపోతే గుర్రపుడెక్క పెరిగి నీళ్ళు ముందుకు పోవు. ఎండేది బంటుమిల్లి, కృత్తివెన్ను శివారు పొలాలు. మీ చేను ఎగువనే ఉంది కదా!

5. మాఫీ కోసం ఆగండి. పట్టణాల్లో ఆస్తి పన్ను బకాయిల మీద వడ్డీ ఇదివరకు మాఫీ చేశారు. కట్టినవాడికి ఏం వచ్చింది?

6. గ్రామసభలో ముందు వరసలో కూర్చుని గట్టిగా అరవండి. వీధి దీపం వెలగలేదనండి, మురుగు తీయలేదనండి, చెరువు నీళ్ళు పచ్చగా వస్తున్నాయనండి. పటికకు, బ్లీచింగుకు డబ్బు లేదని కార్యదర్శి చెబితే ఇంకో మెట్టు పెంచండి. ఇంట్లోకి మాత్రం టిన్ను నీళ్ళు వేయించుకోండి. రోజుకు 20 రూపాయల టిన్ను ఒకటి, ఏడాదికి 7,300. ఎగ్గొట్టిన పన్నుకు ఇది ఎన్నో రెట్లని మా ఆవిడ లెక్క కట్టింది. ఆడవాళ్ళతో లెక్కల్లోకి దిగకండి.

7. "అందరూ ఇలా చేస్తే ఊరెలా నడుస్తుంది?" అని ఎవరైనా అడిగితే ఢిల్లీ నుంచి ఆర్థిక సంఘం నిధులొస్తాయనండి. ఇంకా తగులుకుంటే దేశాల సంగతి ఎత్తండి. బాగా వెనకబడిన దేశాలు స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 15 శాతం పన్నుగా రాబట్టుకోవాలని ఐక్యరాజ్యసమితి వారి 2022–2031 దోహా కార్యాచరణ చెబుతోంది. బంగ్లాదేశ్‌లో పది శాతమూ రావడం లేదు. అంత దేశం నడుస్తుంటే మన వీధి నడవదా?

8. డిమాండు నోటీసు చింపకండి. వెనక తెల్లగా ఉంటుంది, నీళ్ళ టిన్నుల లెక్క రాసుకోవచ్చు. మా గోడ మేకుకు పదేళ్ళవీ గుచ్చి ఉన్నాయి.