జీబీ త్రిపదికి టీకాతాత్పర్యములు

అవతారిక

కోలాచల మల్లినాథసూరి మూలములో లేనిదానిని వ్రాయననియు, ఎవ్వరికిని అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ రెంటిలో మొదటి నియమమును నేను పాటింపగలను. రెండవది నావలన కాదు, ఏలయన సెల్‌ఫోను ధరలపట్టికకు వ్యాఖ్య కావలయునని నన్ను అడిగినవారు లేరు. అయినను, నాలుగేండ్లపాటు ఒక్క యంకెయు మారక, ఏటేట సరిక్రొత్తదిగా ప్రకటింపబడి, చదివినవారిచేత వేలకువేలు దక్షిణ యిప్పించుకొన్న మూడు పంక్తుల గ్రంథము మఱియొకటి నాకు కానరాలేదు గావునను, ఆ దక్షిణ సమర్పించినవారు దానిని కన్నులతో చదివిరే గాని కాగితముపై లెక్కవేసి చదివినట్లు తోపదు గావునను, ఈ సాహసమునకు పూనుకొంటిని.

మూలము

128 జీబీ – 79,900 మాత్రమే
256 జీబీ – 89,900 మాత్రమే
512 జీబీ – 1,09,900 మాత్రమే

విజయవాడ బీసెంటు రోడ్డున ఒక దుకాణపు గాజుతలుపునకు అతికించిన కాగితమునుండి ఎత్తి వ్రాసికొన్న పాఠమిది. 2021లో ఐఫోన్ 13 మన దేశమున అవతరించినపుడు వెలసిన మూలము. 2022లో 14, 2023లో 15, 2024లో 16 అవతరించినను మూలము మాత్రము చెక్కుచెదరలేదు. ‘మాత్రమే’ యను పదము దుకాణదారుని ప్రక్షిప్తమని పండితుల యభిప్రాయము. కంపెనీవారి ప్రతిలో అది కానరాదు.

ప్రతిపదార్థము

జీబీ = గిగాబైటు అనుదానికి వ్యవహారరూపము. దీని కొలత విషయమున ద్వైతాద్వైతములంతటి వివాదము కలదు. అమ్మువాని మతమున జీబీ యనగా సరిగా నూఱు కోట్ల బైట్లు. రెంట రెంట హెచ్చవేయుట తప్ప వేఱు విద్య యెఱుగని యంత్రము మతమున 107 కోట్ల 37 లక్షల 41 వేల 824. రెంటికిని పేరొక్కటే యగుటవలన కలిగిన కలతను మాన్పుటకై 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు రెండవదానికి ‘గిబిబైటు’ అని నామకరణము చేసిరి గాని, ఆ పేరు బారసాలతోనే సరి, పిలిచినవారు లేరు. కావుననే 128 జీబీ యని కొని తెచ్చిన మెమరీ కార్డును విండోస్ కంప్యూటరునకు తగిలించి చూచినచో 119 అని చూపును. తక్కిన తొమ్మిది ఎవరు మ్రింగిరని దుకాణమునకు పోయి తగవులాడినవారిని నేనెఱుగుదును, అందొకడను నేనే. ఎవ్వరును మ్రింగలేదు. వెనుకటి ధాన్యపు వర్తకుని యింట అమ్ముటకొక కుంచము, కొనుటకొక కుంచము ఉండెడివని చెప్పుదురు గదా, ఇదియు నట్టిదే. ఐతే ఇచ్చట రెండు కుంచములును శాస్త్రసమ్మతములు.

ఇక 128 అను సంఖ్యకు వాచ్యార్థము వేఱు, అనుభవార్థము వేఱు. ఇల్లు కొన్నవాడు గృహప్రవేశమునాటికి సగము గదులలో మేస్త్రీ సంసారము కాపురమున్నదని కనుగొన్నచో ఎట్లుండునో, 2013లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 కొన్నవారికి అట్లే యైనది: పెట్టెపై 16 జీబీ, పెట్టె విప్పి చూడగా వాడుకొనుటకు మిగిలినది ఇంచుమించు 9. తక్కిన చోటున ఆపరేటింగ్ సిస్టమును, దాని బంధువర్గమును, ఎవ్వరును తెఱవని ఆప్‌లును అప్పటికే చాపలు పఱచుకొని కూర్చుండియుండెను.

మాత్రమే = అవధారణార్థకము. అంతకు మించి కాదని వాచ్యము. అంతకు దిగదని వ్యంగ్యము. ఈ పదమునకు ఆండ్రాయిడు ఫోనుల పెట్టెలపై ఒక దాయాది కలదు. అచ్చట ‘8+128’ అని సూత్రప్రాయముగా ముద్రించి, క్రింద సన్నని యక్షరములతో మొదటిది ర్యామ్ అనియు రెండవది రోమ్ అనియు వివరింతురు. రోమ్ అనగా చదువుటకు మాత్రమే వీలైన జ్ఞాపకము. ఆ 128లోనైతే మనము పగలనక రేయనక వ్రాయుచునే యుందుము, చెఱుపుచునే యుందుము. నేతిబీరకాయలో నేయి యెంతయో ఈ రోమ్‌లో రోమ్ అంతయే.

అన్వయము

మొదటి పాదమునుండి రెండవదానికి హెచ్చిన స్థలము 128, హెచ్చిన వెల 10,000. రెండవదానినుండి మూడవదానికి హెచ్చిన స్థలము 256, హెచ్చిన వెల 20,000. ఎట్లు భాగించినను జీబీ ఒక్కంటికి 78 రూపాయల 12 పైసలు, ఆపైని అరపైస. గణభంగము లేదు, యతిభంగము లేదు. ఇంతటి నియమము మన యాధునిక కవులలో కానము. ఇదే వెలను మొదటి పాదమునకును వర్తింపజేసి, అందలి 128 జీబీకిగాను 10,000 తీసివేసినచో మిగులునది 69,900. అనగా తెర, కెమెరా, బ్యాటరీ, వెనుక కొఱికిన పండు, ఇవియన్నియు కలిగి జ్ఞాపకశక్తి మాత్రము బొత్తిగా లేని ఫోను వెల 69,900 అని కవిహృదయము. అట్టి ఫోను లోకమున లేదు, నిర్గుణబ్రహ్మమువలె భావింపవలసినదే. పట్టికలో ఎచ్చటను కానరాని యీ సంఖ్యను పాఠకులు ఒక మూల వ్రాసి యుంచుకొందురు గాక. పిమ్మట దానితో పని యున్నది.

శంక. ఆ యేండ్లలోనే 128 జీబీ మెమరీ కార్డు వేయి రూపాయలకు అటునిటుగా అంగళ్ళలో దొరకుచుండెను గదా, ఫోను లోపలి 128కి పదివేలేల?

సమాధానము. ఫోను లోపల బోర్డునకు అతికిన చిప్పు కార్డుకన్న ఎన్నో మడుంగులు వేగము గలదని కంపెనీ పక్షమువారు వాదింతురు. అది నిజము. పది మడుంగుల వెలకు చాలునంత నిజమా యని అడిగినచో వారు కెమెరా గుణములను వర్ణింప మొదలిడుదురు. కులగోత్రములు విచారించినచో రెండును ఒక్క యింటి బిడ్డలే. 1980ల దశకమున జపానులో తోషిబా కంపెనీయందు ఫుజియో మసువోకా అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రానులను ఒక సన్నని గోడ చాటున బంధించి, విద్యుత్తు పోయినను అవి వెడలిపోకుండ కట్టడి చేయు జ్ఞాపకమును ఒక్కమారుగా తుడుచు ఉపాయమును కనిపెట్టెను. అందున్నది యంతయు ఒక్క రెప్పపాటున తుడిచిపెట్టుకొని పోవుట చూచి, కెమెరా మెఱపు జ్ఞప్తికి వచ్చి, ఆయన సహచరుడొకడు దానికి ‘ఫ్లాష్’ అని పేరు సూచించెను. జ్ఞాపకమునకు మఱపు గుణమునుబట్టి పేరు వచ్చుట ఈ శాస్త్రముననే చూచితిని.

మెమరీ కార్డు ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. పాతయిండ్లలో అటక యుండెడిది. గదులు చాలనపుడు గంగాళములు, ఊరగాయ జాడీలు, తాతగారి ట్రంకుపెట్టె దానిమీదికి పోయెడివి. ఫోనునకు ఈ కార్డు అట్టి అటక. మా వైపు సెల్ షాపులలో ‘చిప్పులో పాటలు ఎక్కించబడును’ అని బోర్డులుండెడివి. ఇరువది రూపాయలు చేతబెట్టినచో ఘంటసాల మొదలు నిన్నటి సినిమా వఱకు ఎక్కించి పంపెడివారు. సామ్‌సంగువారు 2015లో గెలాక్సీ ఎస్6నుండి ఈ యటకను తొలగించిరి, జనులు సణిగిరి, 2016లో ఎస్7లో మరల కట్టించిరి, 2021లో ఎస్21నుండి మరల కూలద్రోసిరి. ఐఫోన్ ఇంటికి ఆదినుండియు అటక లేదు. అటక లేని యింట అదనపు గది యద్దె ఇంటివాడు చెప్పినదే.

అలంకారము

వామనుడు బలిచక్రవర్తిని మూడడుగుల నేల యడిగెను. ఇచ్చట చోటు కావలెనని అడుగువాడును కొనువాడే, దానము చేయువాడును కొనువాడే, మూడవ యడుగు మోపుటకు నెత్తియు కొనువానిదే. మూడవ పాదమునుగూర్చి వ్యాఖ్యాతకు ఇంతకుమించి స్వానుభవము లేదు.

తాత్పర్యము

మూడు పాదములలో గూఢమైనది మొదటిది. అది గడపవంటిది. గడప లేనిదే ఇంటిలోనికి పోవుట కుదరదు. దానిమీదనే చతికిలబడినచో పెద్దలు కేకలు వేయుదురు. 

ఆ గడపమీద చతికిలబడినవాడను నేను. 2017లో మా మేనకోడలి పెండ్లినాటికి నా చేతనున్నది 16 జీబీ ఫోను. ఎవరు చేసినదో చెప్పను. జీలకఱ్ఱ బెల్లము ముహూర్తము. గట్టిమేళము మ్రోగినది, అడ్డుతెర దిగినది. అక్కయ్య నా చెవిదగ్గఱ, “తియ్యరా, తియ్యి, ఇప్పుడే!” యని తొందరపెట్టుచుండెను. వ్రేలు ఆనించితిని. ‘స్టోరేజ్ ఫుల్’ అను పలక తెరకు అడ్డముగా నిలిచి, ముందు ఏదేని చెఱిపి పిమ్మట రమ్మని ఆనతిచ్చినది. పీటలప్రక్క గొంతుకూర్చుండి చెఱుప మొదలిడితిని. తామరపువ్వుమీద శుభోదయము, కాఫీకప్పుమీద శుభోదయము, ఏదో జలపాతము మీద శుభోదయము. వేంకటేశ్వరస్వామి పాదములకడ శుభశనివారము చెఱుపుటకు చేయాడక, దానిని విడిచి పావురముల శుభరాత్రిని చెఱిపితిని. నలువదింటిని చెఱుపునప్పటికి మంగళసూత్రధారణము ముగిసి తలంబ్రాలు పోసికొనుచుండిరి.

“ఏరా, పడిందా?”

“ప్లేసు లేదక్కా.”

“ఇంత ప్లేసుంటే లేదంటావేంట్రా? ఆ కుర్చీ జరుపుకుని ఇటొచ్చి నించో!”

ఆ యేటి చివరనే గూగుల్ ఫైల్స్ గో అను ఆప్‌ను వెలువరించి, పిమ్మట మన దేశపు శుభోదయములను పసిగట్టి ఒక్కపెట్టున ఊడ్చు ఉపాయమును అందు చేర్చెను. మా పెండ్లి అప్పటికే దాటిపోయినది. జీలకఱ్ఱ బెల్లము ఫొటో నావద్ద నేటికిని లేదు. పెండ్లియైన మఱుసటి నెలలోనే నేను గడప దిగి, అడిగినంత యిచ్చి, 64 జీబీ లోగిలిలోనికి పోతిని. మొదటి పాదమునకు కవి యుద్దేశించిన ఫలశ్రుతి యిదియే.

పాఠాంతరములు

ఆదిపాఠము 2007 జూనున అమెరికాలో వెలసినది. దానికి రెండే పాదములు: 4 జీబీ 499 డాలర్లు, 8 జీబీ 599. సెప్టెంబరు వచ్చునంతలో మొదటి పాదమును కొట్టివేసి, రెండవదానిని 399కి దించిరి. ముందుగా పరుగెత్తి కొన్నవారు గోల పెట్టగా 100 డాలర్లకు దుకాణపు చీటీ యిచ్చి ఊరడించిరి.

2008 ఆగస్టున ఐఫోన్ 3జీతో మన దేశమునకు దిగిన పాఠము: 8 జీబీ 31,000, 16 జీబీ 36,100. ఎనిమిది జీబీకి 5,100 అనగా జీబీ 637 రూపాయల 50 పైసలు. నేటి 78తో పోల్చినచో ఎనిమిదవ వంతుకన్నను కొంచెము దిగినది; ఈ పుణ్యము కంపెనీకి దక్కవలసినదే.

2014 నాటి ఐఫోన్ 6 పాఠము చిత్రమైనది: 16, 64, 128. పదునాఱునకు పిమ్మట ముప్పదిరెండు రావలెను, రాలేదు. లేఖకప్రమాదమని భ్రమపడరాదు. అమెరికాలో మెట్టునకు 100 డాలర్లు. ఆ నూఱును చేర్చినచో చోటు నాలుగింతలగునని తెలిసినపిమ్మట పదునాఱు నెవ్వడు కొనును? కొన్నవాడు ఏ పెండ్లిలోనో నాబోటి పాటు పడును. అటు దుకాణమువద్దనో ఇటు పందిరిలోనో, ఏదో యొకచోట వానిచేత మెట్టెక్కించుటకే నడుమ ముప్పదిరెండును లోపింపజేసిరి. 2016లో పదునాఱును సాగనంపిన పిమ్మట, ఆ ముప్పదిరెండే ఐఫోన్ 7లో మొదటి పాదమై తిరిగి వచ్చినది.

2025 నాటి ఐఫోన్ 17 పాఠమున మన త్రిపదికే అంగలోపము కలిగినది. 128 లేదు, గడపయే తీసివేసిరి. 256 జీబీ 82,900. 512 జీబీ 1,02,900. ఇంటిలో అడుగుపెట్టుటకు వెనుకటికన్న మూడువేలు హెచ్చు, కాని అడుగుపెట్టిన చోటు రెండింతలు. ఉదారులైరని నేనును సంతసించి, ఆ సాయంత్రమే బీసెంటు రోడ్డు కాగితమును ఎత్తి వ్రాసికొన్న పుస్తకము తెఱచి, ప్రక్కపుటలో లెక్క వేసితిని. 256 జీబీకిగాను 20,000 తీసివేయగా, జ్ఞాపకము లేని ఆ నిర్గుణఫోను వెల 62,900. వెనుకటి 69,900 నుండి ఏడువేలు దిగినది. పిమ్మట రెండు పాదముల నడిమి భేదమును స్థలముచే భాగించితిని. 78 రూపాయల 12 పైసలు, ఆపైని అరపైస.