పల్లవి వరకే

ప్రతి బ్యాచిలర్ గదిలోనూ ఒకడుంటాడు. ఫ్యాను తిరగదు, గ్యాస్ అయిపోయి వారమవుతుంది, ఈ నెల అద్దె ఎవడు కట్టాలో తేలదు. మూలన మాత్రం నల్ల సంచీలో గిటారు ఠీవిగా నిలబడి ఉంటుంది. దాని యజమానే మన చందూ. అమీర్‌పేటలో కోర్సు చేద్దామని హైదరాబాదు వచ్చి, కోర్సు సగంలో వదిలేసి, నాలుగు కార్డ్స్ మాత్రం పూర్తిగా నేర్చుకున్నాడు: సీ, జీ, ఏ మైనర్, ఎఫ్.

పూర్తిగా అన్నాను గానీ, ఎఫ్ దగ్గర చిన్న పేచీ ఉంది. అసలు సిసలు ఎఫ్ పలకాలంటే చూపుడువేలు మొదటి ఫ్రెట్ మీద ఆరు తీగలకూ అడ్డంగా పరిచి నొక్కిపట్టాలి. కొత్తవాళ్ల గిటార్లు ఎక్కువగా అటకెక్కేది ఇక్కడే. చందూ అటకెక్కించలేదు. మూడు వేళ్లతో మూడు తీగలు నొక్కి, అడుగున ఉండే సన్న తీగను దాని ఖర్మకు వదిలేశాడు. తెలిసినవాడెవడైనా "ఎఫ్ అలా కాదు కదరా" అంటే, "ఇది ఎఫ్ మేజర్ సెవెన్ మామా, జాజ్ ఫీల్ కోసం" అంటాడు తొణక్కుండా. చిక్కేమిటంటే అది నిజం. ఆ తీగ వదిలేస్తే అయ్యేది మేజర్ సెవెనే. చేతకానితనానికి శాస్త్రంలో ఇంత మర్యాదైన పేరు దొరికిన అదృష్టవంతుణ్ణి నేను ఇంకొకణ్ణి చూళ్లేదు.

1970లో వచ్చిన బీటిల్స్ పాట 'లెట్ ఇట్ బీ' ఎత్తుగడ సరిగ్గా ఈ నాలుగింటి వరసే. ఆక్సిస్ ఆఫ్ ఆసమ్ అనే ఆస్ట్రేలియా హాస్య బృందం ఇలాంటి నాలుగు కార్డ్స్ మీదే డజన్లకొద్దీ హిట్లు గుదిగుచ్చి పాడి జనాన్ని నవ్వించింది. వాళ్లు చేసింది వెక్కిరింత. చందూకి అదే సిలబస్.

శనివారం రాత్రి డాబా మీద కచేరీ. ముందు పావుగంట శ్రుతి. ఫోన్లో ట్యూనర్ ఆకుపచ్చగా వెలిగేదాకా బిరడాలు తిప్పుతాడు, వెలిగాక చెవి మీద నమ్మకంతో ఇంకాస్త తిప్పి చెడగొడతాడు. పాడేవాళ్ల గొంతుకి శ్రుతి అందలేదా, మెడ మీద కాపో బిగిస్తాడు. ఆ క్లిప్పు ఒక్కో ఫ్రెట్ పైకి జరిగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, వేళ్లు మాత్రం అవే నాలుగు భంగిమలు పడతాయి.

పల్లవి బ్రహ్మాండంగా వస్తుంది. అందరూ గొంతు కలుపుతారు, పక్క డాబావాళ్లు కూడా. అంతలో చరణం ముంచుకొస్తుంది. ఇళయరాజా పాటైతే మరీ కష్టం, చరణంలో ఆయన ఏ సందులోంచి తిప్పి ఎక్కడ తేలుస్తాడో చందూకి అంతుపట్టదు. "ఆఁ, నెక్స్ట్!" అంటూ ఇంకో పల్లవి అందుకుంటాడు. గంటలో ఎన్ని పాటలైనా ఒక్క చరణం వినపడదు. ఎవరూ అడగరు కూడా, చరణాలు వాళ్లకూ రావు మరి.

అడిగింది ఇంటి ఓనరు మామ్మగారొక్కరే. ఒకప్పుడు పిల్లలకి సంగీతం చెప్పినావిడ. ఆరేసిన వడియాలు తీసుకుపోదామని పైకొచ్చి, కాసేపు నిలబడి విన్నారు.

"గంట నించీ శంకరాభరణం స్వరాలే వాయిస్తున్నావు నాయనా. మేళకర్తల్లో అది 29వది. మొత్తం 72 ఉన్నాయి. తక్కినవెప్పుడు?"

చందూ క్షణం ఆలోచించాడు. కాపో ఊడదీసి, ఒక ఫ్రెట్ పైకి జరిపి బిగించాడు.

"ఇదిగో మామ్మగారూ, 30వది."