మచ్చలేని సేవ

నెల మొదట్లో పేపరు జిల్లా పేజీ తిరగేస్తే ఒక వార్త తప్పకుండా తగులుతుంది. "ఉద్యోగికి పదవీ విరమణ సహజం." అన్నది తహసీల్దారు కావచ్చు, ఎంఈవో కావచ్చు, సంఘం జిల్లా అధ్యక్షుడు కావచ్చు. ఎవరన్నా మాట అదే. కింద ఫొటోలో పదిహేను మంది, మధ్యలో దండల గుట్ట, ఆ గుట్ట మీద ఒక కళ్లజోడు. రిటైరైంది ఆ కళ్లజోడే. సహజమని తేలిపోయాక ఇంక మాట్లాడ్డానికేముందని అడక్కండి. సభ మూడు గంటలు నడిచింది.

సభ నెలాఖరునే ఎందుకంటే రూలు అలాంటిది. ఏ తారీఖున పుట్టినా ఆ నెల ఆఖరి రోజు సాయంత్రం దాకా ఉద్యోగమే. ఒకటో తారీఖున పుట్టినవాళ్లను మాత్రం ముందు నెలాఖరుకే ఇంటికి పంపేస్తారు. ఇక మే, జూన్ వచ్చాయంటే ఆఫీసుల్లో శాలువాలే శాలువాలు. ఒక తరం తరమంతా ఆ రెండు నెలల్లోనే పుట్టింది మరి. బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరు గారు లెక్క సరిపోయేలా ఒక తేదీ వేసేశారు. ఆ కలం పోటే ఇవాళ రిటైర్మెంటు ముహూర్తం.

శాలువా సంగతి కొంచెం దగ్గర్నుంచి చూడాలి. దాన్ని విప్పి కప్పరు. నిలువుగా మడతపెట్టి, జరీ అంచు కెమెరా వైపు ఉండేలా భుజాల మీద నిలబెడతారు. కప్పేవాడి చూపు కప్పించుకునేవాడి మీద ఉండదు, ఫొటోగ్రాఫర్ మీద ఉంటుంది. "ఇంకొక్కటి సార్" అనేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి నవ్వుతారు. క్లిక్కుమనగానే వెనక నిలబడ్డ అటెండరు శాలువా లాగేస్తాడు, తర్వాతివాడికి భుజం ఖాళీ చేయాలి గదా. మేనెల ఎండలో ఇలా పదకొండు శాలువాలు. అవి చలికీ పనికిరావు, వానకీ పనికిరావు. ఇంకొకరి రిటైర్మెంటుకు పనికొస్తాయి. కవరు చింపకుండా బీరువాలో పెట్టే ఇల్లాలికి ఆ విషయం ముందే తెలుసు.

ఆ తర్వాత మైకు. "సార్‌తో నాది ఇరవై ఏళ్ల అనుబంధం" అని మొదలుపెట్టినాయన రెండో వాక్యానికే తాను ఆ సెక్షన్‌కి కొత్తగా వచ్చిన రోజులకు వెళ్లిపోతాడు. తాను ఆడిట్‌వాళ్లను ఎలా ఎదుర్కొన్నాడో, తన బదిలీ ఎలా ఆపుకున్నాడో అంతా చెప్పి, చివర్లో గుర్తొచ్చి "సార్ కూడా అక్కడే ఉన్నారు" అని ముగిస్తాడు. రెండో వక్త "అజాతశత్రువు" అంటాడు. ఈ బిరుదు లేకుండా మన రాష్ట్రాల్లో ఎవరూ రిటైరవడానికి వీల్లేదు. ఆ మాట అన్నాయనే ఒకప్పుడు ఈయన మీద పైవాళ్లకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. సన్మాన పత్రం రాసిందీ ఆయనే. "ఓ కర్తవ్యదీక్షాపరాయణా!" అని మొదలై, సమాసం మీద సమాసం పేర్చుకుంటూ పోయింది. శైలి రెండింట్లోనూ బాగుంది.

మూడో వక్త గొంతు పూడుకుపోయింది. "సార్ లేని లోటు ఎవరూ పూడ్చలేనిది." ఆయన మాట్లాడుతుండగానే మేడ మీద ఫ్యాను కింద కుర్చీ చేతులు మారింది. పాత తువ్వాలు తీసి కొత్త తువ్వాలు వేసేశారు.

ఇవన్నీ విన్న కొత్తవాడెవడైనా, ఇంత మహానుభావుడు మన మధ్య ముప్పై ఆరేళ్లున్నాడా అని ఆశ్చర్యపోతాడు. ఆశ్చర్యపోయేవాళ్లలో ఆ మహానుభావుడు మొదటివాడు. ఆయన సర్వీస్ రిజిస్టర్ తెరిస్తే ఇంక్రిమెంట్లున్నాయి, సెలవులున్నాయి, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు ఇచ్చిన మెమో ఉంది. వరదలొచ్చినప్పుడు వారం రోజులు ఇంటికి పోకుండా పనిచేశాడన్న ముక్క ఎక్కడా లేదు. మెచ్చుకోలంటే ఈ ఆఫీసుకు పిసినారితనం కాదు, భయం. ఉద్యోగంలో ఉండగా మంచివాడంటే ప్రమోషన్ అడుగుతాడు, కనీసం ఒక రోజు సెలవడుగుతాడు. రిటైరయ్యాక ఏమని పొగిడినా ఖర్చుండదు. సంస్మరణ సభలో చనిపోయినవారి మీద ధైర్యంగా ఒలకబోసే ప్రేమే ఇది కూడా. కాకపోతే ఇక్కడ ఆయన ముందు వరసలో కూర్చుని చెమట తుడుచుకుంటుంటాడు.

ఆ సాయంత్రం నిజం పలికిన మనిషి ఒక్కరే. "సార్ విజయం వెనకున్న" అమ్మగారిని వేదిక మీదికి పిలిచి, పసుపు కుంకుమ, చీర పెట్టి, మైకు చేతికిచ్చారు. ఆవిడ "అందరికీ నమస్కారం, భోజనం చేసి వెళ్లండి" అని మైకు తిరిగిచ్చేశారు. భోజనం ఖర్చు వాళ్లదే.

ఈ ఆనవాయితీకి ప్రభుత్వాలు కొట్టిన దెబ్బలు కూడా చరిత్రలో రాయాలి. 1983లో ఎన్టీఆర్ రాగానే వయోపరిమితి 58 నుంచి 55కి దించేస్తే, వేలమంది ఒక్కసారిగా ఇంటిముఖం పట్టారు. అందరికీ శాలువాలు ఎక్కడ సరిపోతాయి? ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. తెలంగాణ 2021లో 58ని 61 చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయినది, 2022 జనవరిలో 62 అయింది. అలా పెంచినప్పుడల్లా రెండు మూడేళ్లు అక్కడ వయసైపోయి వెళ్లేవాడే లేడు. "ఆయురారోగ్యాలతో శేష జీవితం" అన్న మాట తుప్పు పట్టింది. 2024లో మళ్లీ రెండు చోట్లా గేట్లు తెరుచుకున్నాయి, వక్తలు గొంతు సవరించుకున్నారు. తెలంగాణలో ఆ ఏడాది నుంచి ఇళ్లకు వెళ్లినవాళ్లలో ఎంతోమంది రావలసిన డబ్బు కోసం హైకోర్టు మెట్లెక్కారు. శాలువా బకాయి మాత్రం ఎవరికీ లేదు. అది స్పాట్ పేమెంటు.

అసలు సినిమా సన్మాన సభ తర్వాతి సోమవారం మొదలవుతుంది. అజాతశత్రువు గారు పెన్షన్ కాగితాల కోసం పాత ఆఫీసుకొస్తాడు. ఈసారి మూడో అంతస్తుకు మెట్లెక్కి, బల్ల ఇవతలి వైపు నిలబడతాడు. పెన్షన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్, అన్నిటికీ మూలం ఒక్క ఫైలు. అది అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసుకు పోవాలి. రిటైర్మెంటుకు చాలా ముందే కదిలించాలని రూలు, కానీ ఆ నెలల్లో సెక్షన్ అంతా ఉంగరం చందాల లిస్టులో మునిగిపోయింది.

"సార్, 1997 ఏప్రిల్ నుంచి 1998 మార్చి దాకా సర్వీస్ వెరిఫికేషన్ ఎంట్రీ లేదండీ."

"అంటే?"

"ఆ ఏడాది మీరు పనిచేసినట్టు ఆధారం లేదన్నమాట."

మొన్ననే "ముప్పై ఆరేళ్ల మచ్చలేని సేవ" అని మైకు అదరగొట్టిన గొంతే ఇది. ముప్పై ఐదయినా నిలుస్తాయో లేదోనని పెద్దాయన గుండె దడదడలాడింది. ఇంకా అయిపోలేదు. భార్యాభర్తల జంట ఫొటోలు, నమూనా సంతకాలు, వేలిముద్రలు. "అలాగే గుర్తింపు కోసం పుట్టుమచ్చలు రెండు రాయాలండీ. మీరు మీరేనని మాకు తెలియాలి గదా."

అందుకని నాదొక చిన్న ప్రతిపాదన. సన్మాన సభలో మైకు పట్టుకునే ప్రతివాడూ ముందు నో డ్యూస్ మీద సంతకం పెట్టాలి. "లోటు పూడ్చలేనిది" అన్నవాడు వెళ్లే ముందు సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఏడాది వెరిఫికేషన్ లోటు పూడ్చాలి. కంటతడి పెట్టినవాడు ఫైలు వెంట ఏజీ ఆఫీసుకు వెళ్లి రావాలి, టీఏ, డీఏ లేకుండా. సన్మాన పత్రం అసలు ప్రతిని పెన్షన్ ప్రతిపాదనలకు జతచేయాలి. అందులోని ప్రతి సమాసాన్నీ గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి.

ఒక సంఘం నాయకుడికి ఇది వినిపించాను. శ్రద్ధగా విని, చాలా బాగుందన్నాడు. తప్పకుండా ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్తానన్నాడు. లేవబోతూ కొంచెం దగ్గరకు జరిగాడు.

"కాకపోతే జనవరి నుంచి పెట్టుకుందాం సార్. డిసెంబరాఖరుకు నాది ఉంది. హాలు కూడా మాట్లాడేశాం."